కట్టయ్య చెమట

పోయిన వారం కట్టయ్యను ఏడో నంబరు మంచం మీద వదిలేసి వచ్చాం. ఆ వారం తప్పిపోయినవాళ్ల కోసం నాలుగు మాటలు చెప్పి ముందుకు కదులుతాను. తెలిసినవాళ్లు కాస్త ఓర్చుకోవాలి.

గూడూరులో గోవర్ధన్ రావుకు తండ్రి జగపతిరావు పేరు మీద ఒక నర్సింగు స్కూలు, దాని గోడకు ఆనుకుని అదే పేరుతో ఒక దవాఖాన ఉన్నాయి. నర్సులు కాబోయే పిల్లలు రోగుల దగ్గర పని నేర్చుకోవాలి కాబట్టి, దవాఖానలో మంచాలు నిండి ఉంటేనే స్కూలుకు గుర్తింపు నిలుస్తుంది. గుర్తింపు నిలిస్తేనే ఆ పిల్లల సర్టిఫికెట్లకు విలువ. నిజంగా జబ్బు చేసినవాడెవడూ ఆ దవాఖాన గడప తొక్కడు, నేరుగా మహబూబాబాదు బస్సెక్కుతాడు. డాక్టరు పేరు బోర్డు మీద ఉంటుంది, మనిషి వేరే ఊళ్లో ఉంటాడు. అందుకని తనిఖీ ఉన్న రోజున చుట్టుపక్కల ఊళ్ల నుంచి కూలికి మనుషుల్ని తెచ్చి మంచాల మీద పడుకోబెడతారు. దినకూలి, మధ్యాహ్నం కోడికూరతో భోజనం, సాయంత్రం ఆటోలో ఇల్లు. ఎండలో వంగి మిరపకాయ ఏరేదానికంటే మంచం మీద మూలగడమే సుఖమని వచ్చేవాళ్లకు కొదవ లేదు.

వాళ్లను కుదిర్చి తెచ్చేదీ, ఎవరికి ఏ రోగమో పంచేదీ, రోగానికి తగ్గ మాటలు నేర్పేదీ స్టాఫ్ నర్సు తేజస్విని. ఆమెది గూడూరు అవతల అడవంచు ఊరు. కట్టయ్యదీ అదే ఊరు, వాడకట్టు వరుసకు ఆమెకు పెదనాన్న, వాళ్ల మాటలో పెద్దబాపు. నిదానస్తుడు, చెప్పిన మాట చెప్పినట్టు అప్పజెప్పగలడు. అందుకే ఆయనకు గుండెనొప్పి ఇచ్చింది. ఛాతీ మీద బండ పెట్టినట్టున్నది, ఎడమ చెయ్యి గుంజుతున్నది అనాలి. అంతే పాఠం. చేతికి సెలైను గొట్టం ప్లాస్టరుతో అంటించారు. ప్లాస్టరు కింద సూది లేదు. గుండెనొప్పి మనిషికి చెమట పట్టాలి కదా, తనిఖీవాళ్లు వార్డులోకి వచ్చే ముందు ఆయన నుదుటి మీద నీళ్లు చిలకరించే పని మూడో సంవత్సరం చదివే దీక్షితకు అప్పగించింది.

తనిఖీవాళ్లు వచ్చారు. కట్టయ్య పాఠం అప్పజెప్పాడు. దీక్షిత బీపీ చూసి చెప్పింది. బృందానికి పెద్ద మనోరమ మేడం బాగుందన్నట్టు తలూపి పక్క మంచం దగ్గరికి నడిచింది. ఆ తర్వాత అందరూ భోజనాలకు లేచారు. తనిఖీవాళ్లు చెయ్యి కడుక్కుని కారెక్కాక, కూలివాళ్లను ఆటో ఎక్కించడానికి తేజస్విని ఒక్కొక్కరినే లేపుకుంటూ వచ్చింది. ఏడో నంబరు లేవలేదు.

ఇక ఈ వారం సంగతి.

గోవర్ధన్ రావు కోపం తెలియని మనిషి. ఆయన గొంతు పెంచగా విన్నవాళ్లు గూడూరులో లేరు. కబురు విని కూడా ఆయన వార్డులోకి రాలేదు. మిగతా కూలివాళ్లను వెనక గేటు నుంచి పంపించమన్నాడు, కట్టయ్య భార్య అండాలుకు కబురు చేయమన్నాడు, తేజస్వినిని తన గదికి పిలిపించి టీ తెప్పించాడు. టీ గ్లాసు పక్కన టేబిలు మీద ఒక ఆకుపచ్చ ప్లాస్టిక్ ఫోల్డరు ఉంది. దాన్ని చూడగానే తేజస్వినికి కట్టయ్య కాసేపు మరపున పడ్డాడు. ఇది నేను కల్పించి చెప్పడం లేదు, ఆమె గుండె మీద చెయ్యి వేసుకుంటే ఆమే ఒప్పుకుంటుంది.

ఆ ఫోల్డరులో ఆమె పదో తరగతి మెమో, నర్సింగు డిప్లొమా, నర్సుగా నమోదైన సర్టిఫికెట్ ఉన్నాయి. అన్నీ ఒరిజినల్స్. చేరిన రోజున ఒరిజినల్స్ ఇచ్చేయాలి, మానేసిన రోజున తీసుకుపోవాలి, ఇది ఇటువైపు చాలా ప్రైవేటు దవాఖానల ఆనవాయితీ. మానేస్తానంటే మాత్రం రేపు రమ్మంటారు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు. ఇన్నేళ్లకు సర్కారు నర్సు ఉద్యోగాల జాబితాలో ఆమె పేరు వచ్చింది. సోమవారం హైదరాబాదులో సర్టిఫికెట్ల పరిశీలన. ఒరిజినల్స్ చూపించకపోతే ఆ పేరు కొట్టేసి కిందివాళ్ల పేరు పిలుస్తారు. భర్త ఐలేశ్ భూపాలపల్లిలో బొగ్గుబావి దగ్గర కాంట్రాక్టు కూలీ. కూతురు జనగామలో నానమ్మ దగ్గర పెరుగుతోంది, వీడియో కాల్లో అమ్మను 'సిస్టర్' అని పిలిచి నవ్వుతుంది. తాను ఇక్కడ. ఒక సంసారం మూడు ఊళ్లలో పడి ఉంది. సోమవారం గట్టెక్కితే ముగ్గురూ ఒక కప్పు కింద చేరతారు. ఒరిజినల్స్ ఇమ్మని అడిగినప్పుడల్లా గోవర్ధన్ రావు తనిఖీ కానివ్వమనేవాడు. తనిఖీ అయింది.

ఏం చేద్దామని ఆయనే అడిగాడు. ఉన్నది ఉన్నట్టు చెబుదామని, తనిఖీ కోసం తెచ్చామని చెబుదామని ఆమె అంది. ఆ మాట ఆమె నోట్లోంచి చాలా చిన్నగా వచ్చింది. ఆయన టీ తాగి గ్లాసు కింద పెట్టాడు.

"చెప్దువు గని. ఎవరు తెచ్చిన్రు అంటరు. నేనే అంటవ్. ఎవరు నేర్పిన్రు అంటరు. నేనే అంటవ్. నేనైతే ఆయన మొఖం గూడ సూడలే బిడ్డా."

అది నిజమే. ఆయన ఎప్పుడూ ఎవరి మొహమూ చూడడు. తనిఖీ కోసం ప్రతి కూలి మనిషికీ కేసు షీటు రాసింది కూడా తేజస్వినే. కట్టయ్య నెల రోజులుగా గుండెజబ్బుకు మందులు వాడుతున్నట్టు, నొప్పి ఎక్కువై ఇవాళ తెల్లవారుజామున చేరినట్టు ఆమె చేతిరాతే ఉంది.

"రోగమున్నోడు దవాఖానల పోయిండు. గది యాడనైన అయ్యేదే," అన్నాడు గోవర్ధన్ రావు. "రోగం లేనోడు పోతేనే తప్పు. గందుకే ఆయనకు రోగం ఉండాలె."

తర్వాత ఆయన స్కూలు పిల్లల గురించి మాట్లాడాడు. గుర్తింపు పోతే వాళ్ల చదువు మన్నయిపోతుందని, ఆ పాపం తనకు వద్దని అన్నాడు. మాట్లాడుతున్నంతసేపూ ఫోల్డరు మీద చెయ్యి ఉంది. ఆయనకు కావలసింది పెద్దదేం కాదు. కట్టయ్యకు ముందు నుంచే జబ్బు ఉందని అండాలు తన నోటితో అనాలి. దాయాదులు, పాలివాళ్లు అడిగినా, ఠాణా నుంచి ఎవరైనా వచ్చి అడిగినా అదే అనాలి. తాను చెబితే ఆమె నమ్మదట. సొంత ఊరి బిడ్డ చెబితే నమ్ముతుందట. ఆమె లేచి తలుపు దాకా వచ్చాక, గుర్తొచ్చినట్టు వెనక్కి పిలిచాడు.

"సూది లేకుండ సెలైన్ ఎట్ల ఎక్కింది అంటరు ఎవరన్న. జర గది సూడు."

ఫ్యాను కట్టేయమన్నట్టు చెప్పాడు ఆ మాట.

తేజస్విని వార్డులోకి వెళ్లి తెర లాగింది. ఒక్క గుచ్చుకు నరం దొరకబుచ్చుకుంటుందని ఆమెకు పేరు. పసిపిల్లలకు సూది వేయాలంటే పక్క దవాఖానవాళ్లు కూడా ఆమెను పిలిచేవాళ్లు. ఈసారీ ఒక్క గుచ్చే పట్టింది. ప్లాస్టరు మళ్లీ అంటించి, దుప్పటి ఛాతీ దాకా కప్పి, బయటికి వచ్చి చేతులు కడుక్కుంది.

అండాలు మిరప చేను నుంచి నేరుగా వచ్చింది. పొద్దంతా కాయ ఏరిన చేతులు. ఆ చేతులతో కళ్లు తుడుచుకుంటే కళ్లు మండిపోతాయి. అందుకని తుడుచుకోకుండా, మొహం ముందుకు వంచి, కన్నీళ్లు నేల మీదికి రాలనిస్తూ నడిచి వచ్చింది. భర్త కాళ్ల దగ్గర కూర్చుని కూడా ముట్టుకోలేదు. మొదట నీళ్లు అడిగింది. తేజస్విని చెంబుతో పోస్తుంటే చేతులు రుద్ది రుద్ది కడుక్కుని, అప్పుడు ఆయన రెండు పాదాలు పట్టుకుని ఏడ్చింది. ఏడుపు కాస్త తెరిపి ఇచ్చాక, ఎట్లా జరిగిందని కూడా అడగలేదు. రాత్రి సంగతి చెప్పడం మొదలుపెట్టింది.

రాత్రంతా కట్టయ్య పాఠం చదివాడట. బర్రెకు గడ్డి వేస్తూ అదే, అన్నం తింటూ అదే. ఛాతీ మీద బండ, ఎడమ చెయ్యి. ఒకసారి కుడి చెయ్యి అని నాలుక కరుచుకుని మళ్లీ మొదటి నుంచి అందుకున్నాడట. నాటకం కట్టినట్టుందని అండాలు నవ్విందట.

"తప్పు వోతే తేజమ్మకు మాటొస్తదే, మనూరి పిల్ల, అన్నడు బిడ్డా," అంది అండాలు. "గంత మంచిగ చదివిండు. సక్కగ చెప్పిండా?"

సక్కగ చెప్పిండని తేజస్విని అంది. చెప్పాడు కూడా. ఒక్క మాట మాత్రం పాఠంలో లేనిది కలిపాడు. మనోరమ మేడం పక్క మంచం వైపు తిరుగుతుండగా, తేజస్విని కొంగు పట్టుకుని, దవడ గూడ గుంజుతాంది బిడ్డా అన్నాడు. పాఠంలో దవడ లేదు. పెద్దమనుషుల ముందు హుషారెక్కి సొంత కవిత్వం మొదలుపెట్టాడని ఆమెకు చిరాకేసింది. నేర్పిందే చెప్పు పెద్దబాపు, సొంతం కలపకు అని వంగి చెవిలో అంది. ఆయన బుద్ధిగా నోరు మూసుకున్నాడు. కోసుకున్న వేలును మాటిమాటికీ తడుముకున్నట్టు, మధ్యాహ్నం నుంచి ఆమె మనసు ఆ దవడ దగ్గరికే పోతోంది. హుషారులో అన్నాడు, అంతే, అని తనకు తాను సర్దిచెప్పుకుంటోంది. ఆ తర్వాత ఎప్పుడో నిద్రలో పోయి ఉంటాడు. ఎవరు మాత్రం ఆపగలరు.

"ఆఖరుకు ఏమన్న అన్నడా బిడ్డా?"

ఏమీ అనలేదని, నిద్రలోనే పోయాడని తేజస్విని చెప్పింది. చెప్పి, అండాలు పక్కన నేల మీద కూర్చుని, ఆమె భుజం మీద చెయ్యి వేసి, అసలు పని మొదలుపెట్టింది. కట్టయ్యకు నిజంగానే గుండెజబ్బు ఉందని చెప్పింది. నెల రోజుల నుంచి మందులు తానే ఇస్తున్నానని చెప్పింది. ఇంట్లో చెప్పవద్దని ఒట్టు వేయించుకున్నాడని చెప్పింది.

అండాలు తల అడ్డంగా ఊపింది. కాల్లో ముల్లు ఇరిగినా ముందు నాకే చూపెట్టేటోడు, గిదెట్ల దాస్తడు అంది. రాత్రి చదివిన పాఠం మరి ఏంటని అడిగింది. తేజస్వినికి జవాబు దానంతట అదే దొరికింది. అబద్ధం ఒకసారి దారిలో పడితే మనల్ని వెతుక్కోనివ్వదు, తానే చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది.

"గవి నేను నేర్పిన మాటలు కావు పెద్దమ్మా. ఆయన బాధే గది. నిన్ను పరేషాన్ చెయ్యొద్దని ఆటలెక్క చెప్పిండు."

అండాలు పెదవులు కదులుతున్నాయి. రాత్రిని మళ్లీ మొదటి నుంచి చూసుకుంటోందని తెలుస్తూనే ఉంది. బర్రె దగ్గర, అన్నం దగ్గర, కుడి చెయ్యి అని నాలుక కరుచుకున్న చోట.

"నేను నవ్విన గదా," అంది చివరికి.

ఆయన పాదాల మీది నుంచి రెండు చేతులూ తీసేసుకుంది. మిరప మంట అంటుతుందని మొదట ముట్టుకోకుండా ఆగిన మనిషి, కడుక్కున్నాక గట్టిగా పట్టుకున్న మనిషి, ఇప్పుడు ఆ చేతుల్ని తన ఒడిలో దాచుకుని కాస్త వెనక్కి జరిగింది. ఏడుపు కూడా ఆగిపోయింది. నలభై ఏళ్ల కాపురంలో చివరి రాత్రిని తేజస్విని రెండు వాక్యాల్లో పాడు చేసింది. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసీ ఆగలేదు, ఎందుకంటే పని సగమే అయింది.

మిగతా సగం అండాలే సులువు చేసింది. పాలివాళ్లు అడిగితే ఏం చెప్పాలో తనకు తెలియదని, చదువు లేనిదాన్నని, నేర్పితే తప్పు పోకుండా చెబుతానని అంది. తేజస్విని నేర్పింది. ఆయనకు ముందు నుంచే గుండెజబ్బు ఉన్నది, నెల సంది మందులు వాడుతున్నడు, పొద్దుగాల నొప్పి లేస్తే దవాఖానకు తోలిచ్చినం. అండాలు మూడుసార్లు అంది. మూడోసారికి ఎక్కడా తడబడలేదు.

గోవర్ధన్ రావు మాట తప్పే మనిషి కాదు. ఫోల్డరు అక్కడికక్కడే ఇచ్చేశాడు. అన్నీ ఉన్నాయో లేదో చూసుకోమన్నాడు. చూసుకుంది. ఏళ్ల తరబడి బీరువాలో ఉన్నందుకు కాగితాలకు నాఫ్తలీన్ వాసన పట్టింది. డిప్లొమా మీద పాత ఫోటోలో తాను రెండు జడలతో ఉంది. చెప్పకూడదు గాని, ఆ క్షణాన తేజస్వినికి సంతోషమే వేసింది. సోమవారం, జనగామ, కూతురు, అన్నీ కళ్ల ముందు గిర్రున తిరిగాయి. కట్టయ్య శవం పక్క గదిలో ఉండగానే తిరిగాయి.

బ్యాగు తెచ్చుకుందామని నర్సుల గదిలోకి వెళ్తే అక్కడ దీక్షిత కూర్చుని ఉంది. టేకుమట్ల దగ్గర రైతు బిడ్డ. నాయిన ఎకరం భూమి కౌలుకిచ్చి చదివిస్తున్నాడు. తరగతిలో ముందు బెంచీ, చెప్పింది చెప్పినట్టు చేసే పిల్ల. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచాయి. కిటికీ దగ్గర నీళ్లు చిలకరించే ప్లాస్టిక్ సీసా పెట్టి ఉంది. తేజస్విని చూపు దాని మీద పడింది. సీసా మెడ దాకా నిండుగా ఉంది.

పొద్దున తాను నింపి ఇచ్చినప్పుడు ఎంత ఉందో ఇప్పుడూ అంతే ఉంది.

వాళ్లు అనుకున్న టైముకంటే ముందే వచ్చేశారని, గాబరాలో మరిచిపోయానని దీక్షిత చెప్పింది. తిడతారేమోనని అప్పుడు చెప్పలేదట.

"నేను నీళ్లు చల్లలే సిస్టర్. గా చెమట ఆయనదే."

తేజస్విని కుర్చీ వెతుక్కుని కూర్చుంది. వార్డులో కట్టయ్య నుదురు ఆమె చూసింది. చూసి, పిల్ల మంచిగా చల్లింది, కొంచెం ఎక్కువే చల్లింది అని కూడా అనుకుంది. మెడ మీదికి కారుతోంది. దిండు తడిసింది. ఇన్నేళ్లు నర్సుగా పని చేసి, తన పెద్దబాపు మెడ మీద కారే చెమటను సీసా నీళ్లు అనుకుంది. నిజమైన గుండెపోటు నొప్పి దవడకూ పాకుతుందని చదివి కూడా, దవడ గుంజుతోందని ఆయన కొంగు పట్టుకుని మొత్తుకుంటే నోరు మూయించింది.

బీపీ ఎంత వచ్చిందని అడిగింది.

"పైది డెబ్బై, సిస్టర్."

"నూటయాభై అన్నవ్ గదా మేడం ముంగట."

"మీరు నేర్పింది నూటయాభయ్యే గదా. మిషన్ల ఏం కనబడ్డా నేర్పిందే చెప్పుమన్నరు. మన మిషన్ ఎప్పుడూ తప్పే సూపిస్తది గదా, గట్లనే అనుకున్న."

ఆ పిల్ల అబద్ధం చెప్పడం లేదు, తప్పించుకోవడం లేదు. నిజంగానే అట్లా అనుకుంది. ఈ స్కూల్లో మూడేళ్ల నుంచి ఆమె నేర్చుకున్నది అదే. రేపు అదే చదువుతో సర్టిఫికెట్ తీసుకుని ఏదో ఒక పెద్ద దవాఖానలో మన మంచం పక్కన నిలబడుతుంది.

గూడూరు నుంచి మహబూబాబాదు పెద్ద దవాఖానకు ఎంత దూరమో తేజస్వినికి తెలుసు. తనిఖీవాళ్లు కోడికూర ఎముకలు చీకుతూ, పెరుగన్నం కలుపుకుని, కిళ్లీలు వేసుకున్నంత సేపట్లో కట్టయ్యను అక్కడికి చేర్చి ఉండవచ్చు. బతికేవాడని చెప్పలేం. బతికే వీలు ఉండేది. ఆ వీలును భోజనాల వేళ తిని పారేశారు.

ఇక్కడ ఆమె ఫోల్డరు కింద పడేసి అండాలు దగ్గరికి పరుగెత్తి ఉంటుందని మీరు ఆశపడి ఉంటే, నేనూ ఒక్క క్షణం ఆశపడ్డాను. ఆమె లేచి సీసా మూత తీసి నీళ్లు తూములో పారబోసింది. ఖాళీ సీసాను చెత్తబుట్టలో వేసింది. ఇంకెవరికైనా చెప్పావా అని అడిగింది. ఎవరికీ చెప్పలేదంది దీక్షిత.

"చెప్పకు. సీసా లేదు, నీళ్లు లెవ్వు. బీపీ ఎంత?"

దీక్షిత ఆమె మొహంలోకి చూసింది. చూసి, మెల్లగా, "నూటయాభై సిస్టర్," అంది.

"మంచిగ చెప్పినవ్."

పొద్దున కట్టయ్య పాఠం అప్పజెప్పినప్పుడు కూడా ఆమె అన్నది ఆ మాటే.

పొద్దు గుంకే వేళకు కట్టయ్యను తీసుకుపోవడానికి ట్రాక్టరు వచ్చింది. దాని వెనకే ఒక కారు కూడా వచ్చి ఆగింది. అందులోంచి దిగిన మనిషిని చూసి, మెట్ల మీద నిలబడి ఉన్న గోవర్ధన్ రావుకు దొంగకు తేలు కుట్టినట్టయింది. మనోరమ మేడం.

మహబూబాబాదు స్టేషనులో బండి కోసం కూర్చుని, మనసు ఊరుకోక వెనక్కి వచ్చానని ఆమె చెప్పింది. ఏడో నంబరు మంచం మీది మనిషిని ఒకసారి చూడాలంది. గోవర్ధన్ రావు చేతులు జోడించి, గొంతు తగ్గించి, జరిగింది చెప్పాడు. గుండెజబ్బు మనిషి అని, నెల నుంచి చూస్తున్నామని, దేవుడి దయ లేదని అన్నాడు. మనోరమ అంతా విని తల దించుకుంది. తలెత్తాక ఆమె మాట్లాడిన తీరు వేరుగా ఉంది.

"ఇట్లాంటి వార్డులు చాలా చూశానండీ. మంచాల మీద ఉన్నదెవరో తెలియక కాదు మేం సంతకం పెట్టేది. తెలిసే పెడతాం. కానీ ఆ మనిషి దవడ అన్నాడు. నాకు వినబడింది. వినబడినా పక్క మంచానికి పోయాను. స్టేషనులో కూర్చున్నాక ఆ మాటే గొంతులో అడ్డం పడింది."

నువ్వూ ఆ భోజనం తిన్నావు కదమ్మా అని ఎవరూ అనలేదు. అనగలిగినవాళ్లు అక్కడ లేరు. ఆమె నేరుగా అండాలు దగ్గరికి వెళ్లి, ఎదురుగా చతికిలబడి కూర్చుని, ఆయనకు ఏం జబ్బమ్మా అని అడిగింది.

అండాలు నడుము నిలిపి కూర్చుంది. ఆయనకు ముందు నుంచే గుండెజబ్బు ఉన్నదంది. నెల సంది మందులు వాడుతున్నడంది. పొద్దుగాల నొప్పి లేస్తే దవాఖానకు తోలిచ్చినమంది. ఒక్క మాట తప్పు పోలేదు. గోవర్ధన్ రావు ఊపిరి వదిలాడు. గోడకు ఆనుకుని నిలబడ్డ తేజస్విని ఫోల్డరును ఇంకాస్త గట్టిగా చంకలో అదుముకుంది.

అంతటితో ఆగితే బాగుండేది. అండాలు ఆగలేదు. గుండెలో అంత బరువు పెట్టుకుని మనిషి ఎట్లా ఆగుతుంది.

"రాత్రి గూడ చెప్పిండు మేడం. ఛాతి మీద బండ పెట్టినట్టున్నది, ఎడమ చెయ్యి గుంజుతాంది అని మల్ల మల్ల అన్నడు. నేను ఆట అనుకున్న. నవ్విన."

"దవడ అన్నాడా రాత్రి?"

అండాలు ఆలోచించింది. పాపం, తప్పు చెప్పకూడదని చాలా శ్రద్ధగా ఆలోచించింది.

"లేదు మేడం. దవడ అనలే. గా రెండు మాటలే. తేజమ్మకు మాట రావొద్దని మంచిగ బట్టీ కొట్టిండు."

మనోరమ మేడం మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని మెల్లగా లేచింది. గోవర్ధన్ రావు వైపు చూడలేదు. గోడ దగ్గరికి వచ్చి, తేజస్విని చంకలోని ఆకుపచ్చ ఫోల్డరును ఒకసారి చూసి, ఆమె మొహంలోకి చూసింది.

"ఆ రెండు మాటలూ ఎక్కడివో నాకు అర్థమైంది. దవడ ఎవరు నేర్పారు తల్లీ?"

నేర్పానంటే కట్టయ్య కూలికి వచ్చిన మనిషి అవుతాడు, స్కూలు పోతుంది, సోమవారం పోతుంది. నేర్పలేదంటే, నొప్పి నొప్పి అని కొంగు పట్టుకున్న మనిషి నోరు నొక్కిన నర్సు తాను అవుతుంది, ఆ ఫోల్డరులోని కాగితాలకు ఇక ఎక్కడా విలువ ఉండదు. గోవర్ధన్ రావు మెట్ల మీద నుంచి ఆమెనే చూస్తున్నాడు. దీక్షిత తలుపు దగ్గర నిలబడి ఆమెనే చూస్తోంది.

తన ఊరి బిడ్డ అట్లా బిక్కచచ్చి నిలబడటం అండాలుకు చూడబుద్ధి కాలేదు. పిల్ల భయపడుతోందనుకుంది. కూర్చున్న చోటు నుంచే చెయ్యి చాపి, తేజస్విని కొంగు కొస పట్టుకుని మెత్తగా లాగింది. పొద్దున కట్టయ్య పట్టుకున్నదీ ఆ కొసే.

"చెప్పు బిడ్డా," అంది. "నేను లేనా. నీకెర్కున్నది చెప్పు."